మామయ్య పొయ్యనన్న మడ్డి

మా మామయ్య లెక్కలో లోకంలో రెండే రకాల మనుషులు. డబ్బాను కదపకుండా పైన తేరిన నూనె మాత్రమే పోసి అమ్మేవాళ్ళు ఒక రకం. డబ్బాను గట్టిగా ఊపి, అడుగున పేరుకున్న మడ్డిని కూడా కలిపేసి జనానికి అంటగట్టేవాళ్ళు రెండో రకం. పాలవాడి దగ్గర్నుంచి దేశాన్ని ఏలేవాళ్ళ దాకా ఎవరి మాట వచ్చినా చివరికి ఈ రెండింటిలో ఏదో ఒకదాంట్లో పడేస్తారు. పెళ్ళయి వచ్చిన కొత్తలో నన్ను కూడా కొన్నాళ్ళు అనుమానంగా చూశారు. నేను ఏ రకంలోకి వచ్చానో ఇప్పటికీ చెప్పలేదు.

మాది నూనె మిల్లు. మిల్లు అనగానే పెద్దగా ఊహించుకోకండి. వీధివైపు కొట్టు, దాని వెనక గానుగ, ఆ వెనక నూనె తేర్చే గది, వాటన్నిటి నెత్తి మీద మా కాపురం. నువ్వులు ఆడగానే వచ్చే నూనె మసకమసకగా ఉంటుంది. పీపాల్లో పోసి వదిలేస్తే అందులోని నలుసంతా మెల్లగా కిందికి దిగి అడుగున బురదలా పేరుకుంటుంది. అదే మడ్డి. మా పీపాలకు కుళాయిలు అడుగున ఉండవు, జానెడు పైన ఉంటాయి. ఆ గదిలో గట్టిగా నడవకూడదు, తలుపు దబాలున వెయ్యకూడదు. మా ఆయన చిన్నప్పుడు బంతి తగిలించి ఒక పీపాను కదిలించాడట, ఆ దండకం మామయ్య ఇప్పటికీ చదువుతారు. అంత లారీని దేశం ఆ చివరి నుంచి ఈ చివరికి తోలే మనిషి, ఆ గదిలోకి వచ్చేసరికి పిల్లిలా నడుస్తాడు.

మామయ్య టీ తాగినా అడుగున ఒక గుక్క వదిలేస్తారు. బజార్లో ఆయన్ని అందరూ తేట తాత అంటారు. ఆయన ముందు అనరు కానీ ఆయనకు తెలుసు, లోలోపల మురిసిపోతారు కూడా.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా బుడంకాయకు మందు పోసే పని ఆయన చేతికి వచ్చింది.

బుడంకాయ నా కూతురు. ఏడాది నిండి, గోడ పట్టుకుని అడుగులు వేస్తున్న రోజుల్లో దానికి మూర్ఛలు మొదలయ్యాయి. ఆడుకుంటూ ఆడుకుంటూ ఉన్నట్టుండి చూపు ఒకవైపుకి లాగేసి, కుడిచెయ్యి టపటపా కొట్టుకునేది. కాసేపటికి వదిలేసేది. ఆ కాసేపట్లో నా ప్రాణాలు నా దగ్గర ఉండేవి కావు. ఆసుపత్రిలో పెట్టి, పరీక్షలన్నీ చేసి, పిల్లల డాక్టరు ఒక మందు మొదలుపెట్టారు. అక్కడ ఉన్నన్నాళ్ళూ నర్సులు వేళకి మందు పోశారు, మూర్ఛ మళ్ళీ రాలేదు. ఇక ఇంటికి వెళ్ళండి అన్నారు.

అయితే ఆ మందు బజార్లో పెద్దవాళ్ళు మింగే మాత్రలుగానే దొరుకుతుంది. పసిపిల్లలకు తగ్గట్టు దాన్ని ద్రవంగా మార్చి ఇచ్చే గది ఒకటి ఆ ఆసుపత్రి మందుల విభాగంలోనే ఉంది. కౌంటరు వెనక అద్దాల గోడ, ఆ గోడకు అవతల తెల్ల రాతి కల్వం, గీతలున్న గాజు కొలపాత్రలు, వరసగా గోధుమరంగు సీసాలు. అక్కడ పనిచేసే ఫార్మసిస్టు నాకంటే ఒకటి రెండేళ్ళు చిన్నదై ఉంటుంది. మూతికి మాస్కు, తలకు టోపీ పోగా కళ్ళు మాత్రమే కనిపించేవి. మాత్రల్ని మెత్తగా నూరి, చిక్కటి తియ్యటి పాకంలో కలిపి, సీసా నింపి నా చేతిలో పెట్టింది.

"ప్రతిసారీ సీసాని బాగా ఊపండమ్మా. ఊపాకే సిరంజిలోకి తియ్యండి. చల్లగా, చీకటిగా ఉండే చోట పెట్టండి" అంది. సీసా మీద అదే మాట పెద్ద అక్షరాల్లో అంటించి కూడా ఉంది.

చల్లగా, చీకటిగా ఉండే చోటంటే మా ఇంట్లో ఒక్కటే, నూనె తేర్చే గది. మామయ్య అక్కడి గూట్లో మెత్తటి గుడ్డ పరిచి సీసాను కూర్చోబెట్టారు. బుడంకాయేమో నేను సూదిలేని సిరంజి చూపించగానే పళ్ళు బిగించేది, బలవంతం చేస్తే నా చీర మీద ఉమ్మేది. వాళ్ళ తాత చేత్తో అయితే పిట్టపిల్లలా నోరు తెరిచేది. కడుపున మోసింది నేను, నోరు తెరిచేది ఆయనకి! ఒళ్ళు మండేది కానీ మందు లోపలికి పోవడమే కదా కావాల్సింది. కళ్ళజోళ్ళ షాపులో నా ఉద్యోగానికి పొద్దున్నే వెళ్ళాలి కనక రెండు పూటలా మందు పోసే పని పూర్తిగా ఆయనకే వదిలేశాను.

"ఊపి పొయ్యండి మామయ్యా" అని చెప్పాను.

"సీసాల సంగతి నాకు చెబుతున్నావా అమ్మాయ్?" అన్నారు.

ఆ మాటతో నేను నిశ్చింతగా ఉన్నాను. సీసాల సంగతి ఈయనకు కాకపోతే ఇంకెవరికి తెలుస్తుంది అనుకున్నాను.

ఇంటికి వచ్చాక మూర్ఛలు తిరగబెట్టాయి. మొదట చిన్నగా, తర్వాత కాస్త గట్టిగా. పిల్ల వేస్తున్న అడుగులు మానేసి మళ్ళీ పాకడం మొదలుపెట్టింది. డాక్టరు మందు మోతాదు పెంచారు. తగ్గలేదు. ఒక్క పూట కూడా తప్పకుండా పోస్తున్నారా అని అడిగారు. ఒట్టేసి చెప్పాను, గడియారమైనా తప్పుతుందేమో కానీ మామయ్య తప్పరు అన్నాను. అయితే ఈసారి వచ్చినప్పుడు ఆసుపత్రిలో చేర్చుకుని, దీనికంటే ఘాటైన మందు మొదలుపెడతానన్నారు. అది పడని పిల్లలకి చూపు దెబ్బతినే ప్రమాదం కూడా ఉంటుందట. ఊరందరికీ కళ్ళజోళ్ళు సరిచేసి పంపేదాన్ని, ఆ మాట విన్నాక షాపులో ఒక్క అక్షరం కూడా సరిగ్గా చదవలేకపోయాను.

ఆసుపత్రికి వెళ్ళాల్సిన రోజు పొద్దున్న కిందికి దిగేసరికి, మామయ్య గది గుమ్మంలో నిలబడి సీసాను వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూస్తున్నారు. మొహం కందగడ్డలా ఉంది.

"దీన్ని పాపకి పొయ్యను" అన్నారు.

"ఏమైంది మామయ్యా?"

"అంతా మడ్డే. చూడు."

చూశాను. సీసా అడుగున రెండు వేళ్ళ మందాన తెల్లగా ఏదో పేరుకుని ఉంది. దాని మీద కొద్దిగా తేట నీరు. నాకు అందులో పెద్ద విశేషమేమీ కనిపించలేదు. షాంపూ సీసా అయినా, ఇంకో సీసా అయినా, అయిపోవచ్చినప్పుడు ఏం చేస్తాం? కాసిన్ని నీళ్ళు పోసి గిలకొట్టి వాడేస్తాం. నేనూ అదే అన్నాను.

"కొంచెం నీళ్ళు పోసి గిలకొట్టండి. ఈ పూటకి సరిపోతుంది. తర్వాత ఎలాగూ కొత్త సీసా ఇస్తారు."

"గిలకొట్టి పొయ్యాలా? నా మనవరాలికా?" మామయ్య ఒంటికాలి మీద లేచారు. "కొట్టుకి వచ్చే ముక్కూమొహం తెలియనివాడికే పొయ్యను నేను మడ్డి!"

"మందు ఒక్క పూట కూడా తప్పకూడదన్నారు డాక్టరు! ఇలా ఇవ్వండి!"

అందుకోబోయాను. ఆయన సీసాను నెత్తి మీదికి ఎత్తేశారు. డెబ్బై దాటిన మనిషి, చేతిలో సీసా ఎత్తి పట్టుకుని, ముప్పై దాటిన కోడలు దానికోసం ఎగురుతూ! ఎవరైనా చూసి ఉంటే నవ్వి చచ్చేవాళ్ళు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. నోటికొచ్చిందల్లా అన్నాను. మీ పట్టుదల మీ పీపాల దగ్గర చూపించండి, నా బిడ్డ మీద కాదు అన్నాను. ఆయన సీసా మాత్రం దించలేదు.

"పద, ఆ మందుల పిల్ల దగ్గరికే పోదాం. ఇలాంటి సరుకు పసిపిల్లకి ఎలా అంటగట్టిందో అడుగుతాను" అన్నారు.

బస్సులో పిల్లను ఒళ్ళో పెట్టుకుని నేను, పక్కన సీసాను ఒళ్ళో పెట్టుకుని ఆయన. గతుకు వచ్చినప్పుడల్లా సీసాను రెండు చేతులతో గాల్లోకి ఎత్తేవారు. మడ్డి కదిలితే సాక్ష్యం పోతుందని ఆయన భయం. సగం దారిలో బుడంకాయ చూపు పక్కకి లాగేసింది, చెయ్యి టపటపా కొట్టుకుంది. పిల్లను పక్కకి తిప్పి గుండెలకు ఆనించుకున్నాను. వదిలేశాక మామయ్య వైపు చూశాను. ఆ చూపులో ఏముందో నాకు తెలుసు. పొద్దున్న మందు పోసి ఉంటే ఇది జరిగేది కాదు కదా అన్నదే ఉంది. ఆయన తల దించుకున్నారు. అప్పుడు కూడా సీసా మాత్రం నిటారుగానే ఉంది.

మందుల కౌంటరు దగ్గర మామయ్య వరసలో నిలబడలేదు. నేరుగా వెళ్ళి అద్దం మీద తట్టారు. కల్వం దగ్గర ఏదో నూరుతున్న ఫార్మసిస్టు చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. మామయ్య సీసాను చప్పుడు కాకుండా బల్ల మీద దించారు.

"చూడు తల్లీ నీ సరుకు" అన్నారు. గొంతు హాలంతా వినిపించింది. "యాభై ఏళ్ళు నూనె అమ్మాను. సీసాలో మూడోవంతు మడ్డి పోసి ఎవరికీ అంటగట్టలేదు. పైగా ఊపి వాడమని కాగితం కూడా అంటించావే! ఊపమనేది ఎవడు? మడ్డి కనబడకుండా చెయ్యాలనుకునేవాడు!"

ఆమె ఆయన వైపు చూడలేదు. సీసా వైపు చూసింది. మాస్కు పైనున్న ఆ రెండు కళ్ళలో రంగు మారిపోవడం నాకు కనిపించింది.

"ఈ అడుగున ఉన్నది పాపకి కొంచెమైనా ఇచ్చారా?" అంది. 

"మడ్డి ఎలా పోస్తాను?"

"ఇవాళ పొద్దున్న?"

"ఇవాళ అసలు పొయ్యనే లేదు. ఈ అమ్మాయి నీళ్ళు కలిపి పొయ్యమంది. నేను చస్తే పొయ్యనన్నాను."

ఆమె పక్కనున్న స్టూలు లాక్కుని కూలబడింది. మాస్కు కిందికి లాగి గట్టిగా ఊపిరి తీసుకుంది. ఆమె మొహం చూడటం అదే మొదటిసారి.

"ఇది మడ్డి కాదు పెద్దాయనా" అంది మెల్లగా. "ఇదే మందు."

మామయ్య వంగి సీసా అడుగుకేసి చూశారు.

ఆమె సీసాను వెలుతురుకు పట్టుకుని చూపించింది. ఈ మాత్ర నీళ్ళలో ఉప్పులా కరగదు. పిండి నీళ్ళలో కలిపినట్టు పొడి పొడిగా పాకంలో వేలాడుతుంది. పాకం చిక్కగానే చేసినా, కదపకుండా ఉంచితే మెల్లగా దిగిపోతుంది. ఊపితే మళ్ళీ అంతా సమంగా కలుస్తుంది, ప్రతి పూటా అంతే మందు వస్తుంది. ఊపకపోతే పైన మిగిలేది తీపి నీళ్ళు.

"ఇన్నాళ్ళూ పాప తాగింది దాదాపు పాకమే. అందుకే మూర్ఛలు ఆగలేదు. మందంతా ఇక్కడ కూర్చుంది. పైగా డాక్టరు గారు మోతాదు పెంచారు కదా, ఈ చివరిది ఆ లెక్కన నీళ్ళు కలిపి ఒక్కసారి పోసి ఉంటే..." అని ఆగింది. నా చంకలో ఉన్న పిల్ల వైపు చూసింది. "ఎన్నో పూటల మందు ఒక్క పూటలో లోపలికి పోయేది. ఊపిరి అందేది కాదేమో."

 పొద్దున్న ఆ సీసా కోసం నేను ఎగరడం గుర్తొచ్చింది. నేను ఇంకో నాలుగు అంగుళాలు పొడుగుండి ఉంటే ఆ సీసా నా చేతికి అందేది.

మామయ్య బల్ల అంచు పట్టుకుని నిలబడ్డారు. 

"మంచిది పాపకి పోద్దామనే ఊపలేదు తల్లీ" అన్నారు. "రోజూ పైపైన తేటగా, కొంచెం కూడా కదలకుండా తీసేవాణ్ణి. ఊపి అమ్మేవాడు దొంగ అని మా నాన్న చెప్పాడు. కాగితం చదివాను. చదివే ఊపలేదు. నా చేత్తోనే నా మనవరాలికి..."

 యాభై ఏళ్ళుగా మడ్డి మీద విరుచుకుపడ్డ ఆ గొంతు అలా నీరుగారిపోవడం నేనెన్నడూ చూడలేదు.  కోపం వచ్చి ఉండాల్సింది, నిజమే. కానీ ఆ క్షణంలో నాకు కనిపించింది పొద్దున్న సీసాను నెత్తి మీదికి ఎత్తి పట్టుకున్న ఆయన చెయ్యి ఒక్కటే.

ఫార్మసిస్టు లేచి బల్ల ఇవతలికి వచ్చింది.

"పెద్దాయనా, ఊపమని చెప్పానే తప్ప ఎందుకో నేను చెప్పలేదు. అందులో నా తప్పూ ఉంది" అంది. "మా దగ్గరికి అందరూ మందు అయిపోయాక ఖాళీ సీసాతో వస్తారు. చివరి చుక్క దాకా దులిపి పోసేసి వస్తారు. మిగిల్చి, దెబ్బలాటకి వచ్చింది మీరొక్కరే. మీరు రావడం నా అదృష్టం. నిజంగా చెబుతున్నాను."

ఆమె రెండు చేతులూ జోడించింది. దెబ్బలాటకి వెళ్ళిన మనిషి దండం పెట్టించుకుని ఏం చెయ్యాలో తెలియక నా వైపు చూశారు. అప్పుడు ఏడ్చాను నేను, అంతమంది ముందు, సిగ్గులేకుండా. ఆయన భుజం మీద తల పెట్టి ఏడ్చాను. "మీరు మొండివాళ్ళు కాకపోతే ఇవాళ నాకు బిడ్డ లేదు మామయ్యా" అన్నాను. ఆయన నా తల మీద చెయ్యి వేసి, "ఊరుకో అమ్మాయ్, పిల్ల బెదురుతుంది" అన్నారు. బెదరలేదు అది. ఆయన చొక్కా గుండీ పీకుతోంది.

ఆమె ఫోన్ చేస్తే డాక్టరు కిందికి దిగి వచ్చారు. సీసా చూసి, కథ విని, ఘాటైన మందు మాట కొట్టేశారు. పాత మందే, మొదటి మోతాదే అన్నారు. మిగిలిన సీసాను ఆమె పారబోయడానికి పక్కన పెట్టి, కొత్తది చెయ్యడానికి లోపలికి వెళ్ళింది. మామయ్య అద్దానికి ముక్కు ఆనించి ఆమె నూరడం, కొలవడం, కలపడం కన్నార్పకుండా చూశారు. బయటికి తెచ్చి ఆయన చేతికే ఇచ్చింది.

"ఇప్పుడు ఊపండి."

మామయ్య జోకొట్టినట్టు ఊపారు.

"ఇంకా."

కొంచెం గట్టిగా ఊపారు.

"ఇంకా! ఇంకా!"

ఆయన కళ్ళు మూసుకుని, పళ్ళ బిగువున ఊపారు. చెయ్యితో పాటు బుగ్గలు, పొట్ట, ఒళ్ళంతా ఊగిపోయింది. అది చూసి బుడంకాయ కిలకిలా నవ్వింది. చాలా రోజుల తర్వాత విన్నాను ఆ నవ్వు. ఆ పూట మందు ఆయనే, అక్కడే, ఆమె చూస్తుండగా పోశారు.

తర్వాత మూర్ఛలు పలచబడుతూ పలచబడుతూ ఆగిపోయాయి. పిల్ల మళ్ళీ గోడ పట్టుకుంది, గోడ వదిలేసింది, ఇప్పుడు ఇల్లు పీకి పందిరేస్తోంది. దానికి వచ్చిన మొదటి మాట అమ్మ కాదు, తాత కాదు. ఇంకా. తాత సీసా పట్టుకోగానే ఎదురుగా నిలబడి "ఇంకా, ఇంకా" అని గద్దిస్తుంది, ఆయన ఊగుతారు. మా ఆయన లారీ దిగి వచ్చి మొదటిసారి ఆ దృశ్యం చూసినప్పుడు, ఇంత ఊగే మనిషా నేను బంతి తగిలిస్తే అన్నేళ్ళు తిట్టింది అన్నాడు. అని, గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

తర్వాతి మందు సీసాకి వెళ్ళే ముందు మామయ్య ఒక చిన్న పీపాను పక్కకి తీశారు. తేర్చారు. పైది వేరే పాత్రలోకి వంచి మళ్ళీ తేర్చారు. మళ్ళీ వంచి గుడ్డలో వడకట్టారు. ఆ తర్వాత ఇంకోసారి తేర్చారు.

"ఆ మందుల పిల్లకి ఇవ్వడానికే కదా? కొట్లో ఉన్నది తేటగానే ఉంది కదా మామయ్యా" అన్నాను.

"అది చాలదు" అన్నారు, అంతే.

కౌంటరు దగ్గర ఆ నూనె సీసా బల్ల మీద పెట్టారు. ఫార్మసిస్టు వద్దంది, మొహమాటపడింది, చివరికి వాసన చూస్తానని తీసుకుంది. తీసుకున్న చెయ్యి తన అలవాటు మానలేదు. మూత తియ్యబోయే ముందు సీసాను గట్టిగా ఊపేసింది.

 అయిపోయింది, ఇక్కడే దండకం మొదలవుతుంది అనుకుని మామయ్య వైపు తిరిగాను. ఆయన నవ్వుతున్నారు.

ఆమె నాలిక్కరుచుకుని సీసాను వెలుతురుకు ఎత్తింది. లోపల గాలిబుడగలు పైకి లేచి, ఒకటొకటిగా పేలిపోయాయి. ఆ తర్వాత ఏమీ లేదు. మసక లేదు, నలుసు లేదు. సీసాలోంచి అవతలి గోడ మీద గడియారం ముల్లు కూడా కనిపించింది.

"ఊపు తల్లీ" అన్నారు మామయ్య. "నువ్వు ఊపకుండా మూత తియ్యవని నాకు తెలుసు. అందుకే అన్నిసార్లు తేర్చాను."

ఆమె సీసాను రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడింది.

"ఇంకా" అంది మా బుడంకాయ.